పెరటి కంచె

తెలుగులో కంచెకు పేర్లు తక్కువ లేవు. తాటిమట్టలతోనో జొన్నచొప్పతోనో కట్టి నిలబెట్టినది దడి. వెదురుబద్దలతో అల్లినది తడిక. రేగు, తుమ్మ కొమ్మలు నరికి తెచ్చి చుట్టూ పేర్చినది కంప. రాతితోనో ఇటుకతోనో లేచినది ప్రహరీ. వెలుగు అనే పాతమాట ఒకటి నిఘంటువులలో ఇంకా మిగిలి ఉన్నది. అది దీపపు వెలుగు కాదు, చేనికి రక్షగా వేసే వెలుగు. ఇన్ని మాటలు పుట్టినది భాషావిలాసంకోసం కాదు. ఏ ప్రాణిని ఆపవలెనో తెలిసి, దానికి తగినదానిని కట్టుకొన్నవారు వాడిన మాటలివి. కోడికీ మేకపిల్లకూ దడి చాలును. ఎద్దుకు కంప కావలెను. దొంగకు గోడ కావలెను. గోడ ఉన్నా దొంగ రావచ్చును, అది వేరే సంగతి.

ఆ కాలంలో పెరటిని పాడుచేసే జంతువులకు యజమానులుండేవారు. పొరుగువారి గేదె వచ్చి ఆనపపాదు మేసిపోతే, దానిని తోలుకొనిపోయి బందెలదొడ్డిలో పెట్టించే వీలుండేది. 1871లో వచ్చిన పశువుల అక్రమప్రవేశ చట్టం ఆ ఏర్పాటుకు ఆధారం. గేదెగలవాడు దండుగ చెల్లించి విడిపించుకొనేవాడు. రెండు రోజులు రెండిళ్ళకూ మాటలుండేవి కావు. మూడవనాడు గోడమీదుగా మజ్జిగచెంబు చేతులు మారేది. తగవు మనిషికీ మనిషికీ నడుమ పుట్టినది కాబట్టి, తీరే మార్గమూ మనుషులలోనే దొరికేది.

ఈనాడు పెరటిలోనికి వస్తున్న అతిథులు వేరు. అడవిపందిని బందెలదొడ్డికి తోలగల వీరుడు లేడు. కోతి తరపున దండుగ కట్టే యజమాని లేడు. నల్లమల అంచు పల్లెలలోను, ఆదిలాబాదు అడవుల దాపునను ఇది ఏనాటినుంచో ఉన్నదే. ఉద్దానంలో పనసపండ్ల కాలం వస్తే ఎలుగుబంటి భయం తప్పదు. కాని ఇప్పుడు అడవి అన్న పేరే ఎరుగని ఊళ్ళకు కూడా ఈ బెడద వచ్చినది. గుట్టలను పిండిచేసి కంకర తీసినచోట్ల, చెరువుగట్ల పొదలు నరికి ఇండ్ల స్థలాలు వేసినచోట్ల, నిలువనీడ పోయిన జంతువు దగ్గరలో పచ్చగా కనిపించిన చోటికి వస్తున్నది. ఆ పచ్చదనం తరచుగా ఒక గృహస్థు పెరడే.

పదవీవిరమణ పొందిన ఉపాధ్యాయుడొకడు ఊరి చివర ఇల్లు కట్టుకొన్నాడనుకొనవచ్చును. ఇంటి వెనుక ఐదు సెంట్ల నేల. అందులో వంగ, బెండ, టమాట, ఒక మూల చిలగడదుంప, నాలుగు అరటిచెట్లు, రెండు అంటుమామిళ్ళు. ఒకనాటి ఉదయం లేచి చూచేసరికి దుంపమడి నాగలి పెట్టి దున్నినట్లున్నది. ఆయన ఆ రోజే పట్టణానికి పోయి ఇనుపసామాను దుకాణంలో అడుగుతాడు: ‘అన్నిటికంటె గట్టి కంచె ఏది?’ దుకాణదారుడు తన వద్ద నిలువ ఉన్నదేదో అదే గట్టిదని చెప్పుతాడు. వేలకు వేలు పోసి తెచ్చిన తీగ పెరటిచుట్టూ మెరుస్తుంది. పది రోజులకు మామిడిపిందెలు నేలరాలుతవి. ఈసారి వచ్చినవి కోతులు.

ఆయన డబ్బు వ్యర్థం కావడానికి కారణం తీగ నాసిదని కాదు. అడిగిన ప్రశ్న సరియైనది కాకపోవడం. ఏ కంచె గట్టిది అన్నది తరువాతి మాట. వచ్చేదెవరు అన్నది ముందు తెలియవలెను. ఆ సంగతి తెలుపుటకు నేలకన్న మంచి సాక్షి లేదు. మూతితో మట్టిని తిరగవేసి చాళ్ళుగా పోసి ఉంటే అది పంది పని. లేతమొక్కను కత్తెరతో కోసినట్లు ఏటవాలుగా కొరికి, దగ్గరలో మాత్రలవంటి పెంటికలు విడిచిపోతే అది కుందేలు. దుంపలు త్రవ్వి, చెట్టు మొదట బెరడు గీరి, ఎక్కడైనా నలుపు తెలుపుల ముల్లొకటి జారవిడిచిపోతే అది ఏదుపంది. సగం కొరికిన కాయలు చెట్టు క్రింద పది పడి ఉంటే, వచ్చినది ఎవరో చెప్పనక్కరలేదు. రాత్రి ఇంత బూడిదనో సన్నని ఇసుకనో పెరటి అంచున చల్లి, తెల్లవారి చూస్తే అడుగుజాడలు అచ్చువేసినట్లు కనబడుతవి. బడితోట ఉన్న పాఠశాలలో ఒక వారంపాటు ఈ పని పిల్లల చేత చేయిస్తే, ప్రకృతిశాస్త్రంలో ఒక పాఠం పుస్తకం లేకుండానే వస్తుంది. ఆ వారం గడిచిన తరువాత దుకాణానికి వెళ్ళవచ్చును.

పందికి చూపు మందం, వాసన పసిగట్టే శక్తి మెండు. అది కంచె ఎంత ఎత్తున్నదో చూడదు. క్రింద సందు ఎక్కడ ఉన్నదో వెదకుతుంది. అందువల్ల ఎనిమిది అడుగుల ఎత్తున వల కట్టి అడుగున జానెడు సందు విడిచినవాడికంటె, నాలుగడుగుల వలనే బిగువుగా లాగి, అడుగు అంచును ఒక అడుగు లోతున పాతినవాడు బుద్ధిమంతుడు. పాతుటకు రాతినేల అడ్డమైతే, వల అంచును బయటివైపు అడుగు వెడల్పున నేలమీద పరచి రాళ్ళు పేర్చినా చాలును. త్రవ్వబోయిన పంది ఆ వలమీదనే నిలిచి త్రవ్వలేక పోతుంది. స్తంభాలకు తెలంగాణలో కడీలు, రాయలసీమలో రాతికూసాలు దొరుకుతున్నంతకాలం కర్రగుంజలు నాటవలసిన పని లేదు. కర్రను చెద తింటుంది, చెద విడిచినదానిని ఏదుపంది కొరుకుతుంది. కడప బండలు, తాండూరు బండలు అందుబాటులో ఉన్నచోట వాటిని నిలువుగా పాతి వరుస కట్టడం పాత పద్ధతి. ఖర్చు ఒకసారి తగిలినా, తరువాత మనుమల కాలందాకా మరమ్మతు ఉండదు.

కుందేలుకు ఎత్తు అక్కరలేదు, కన్ను చిన్నదిగా ఉండవలెను. అంగుళం కన్నుగల వలను రెండున్నర అడుగుల ఎత్తున కట్టి, అడుగు అంచును అరడుగు లోతున పూడ్చితే చాలును. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చవుకగా వస్తున్నదని చాలామంది నైలాను వలలు కట్టుతున్నారు. వాటిలో కుందేలు ఆగునో ఆగదో కాని, జెర్రిపోతు చిక్కుకొంటుంది. ముందుకు పోలేదు, పొలుసులు అడ్డుపడి వెనుకకు రాలేదు. ఎండలో పడి చస్తుంది. పెరటిలోని ఎలుకలను తిని బ్రతికే ప్రాణిని చంపుకొని, మరునెలలో ఎలుకలమందుకు డబ్బు పెట్టుట వింత ఇంటిలెక్క.

ముళ్ళతీగ సంగతి కొంత చెప్పుకొనవలెను. దానికి ఉన్న పేరు దాని పనికి మించినది. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రపు రైతు జోసెఫ్ గ్లిడెన్ 1874లో దానికి పేటెంటు పొందినాడు. చెట్టూ రాయీ దొరకని విశాలమైన మైదానాలలో ఆలమందలను అదుపులో ఉంచుట దాని పని. ముల్లు గుచ్చుకొంటే వెనుకకు తగ్గే పశువుకు అది తగినది. దట్టమైన చర్మంగల పంది వరుసలనడుమ దూరి పోతుంది. కోతి రెండు ముళ్ళమధ్య చేయి వేసి సుఖంగా ఎక్కుతుంది. గాయపడేవి ఎక్కువగా రాత్రిపూట ఎగిరే గుడ్లగూబలు, గబ్బిలాలు, బంతికోసం దూరిన పిల్లలు. ఇంటి పెరటికి ముళ్ళతీగ కట్టుట అలవాటువల్ల జరుగుతున్నదే కాని, ఆలోచించి చేస్తున్నది కాదు.

ఇక కోతి. తెలుగుదేశంలో పెరటితోట పెట్టదలచిన వాని ఉత్సాహాన్ని ఇంతగా చల్లార్చిన ప్రాణి మరొకటి లేదు. కొన్ని గ్రామాలలో కోతుల బాధ పడలేక కూరగాయలు వేయడమే మానుకొన్నారు. పెంకుటిండ్లవారు పెంకులు తీసి రేకులు వేసుకొన్నారు. తలమీద టోపీవలె వెంట్రుకల సుడి, పొడవైన తోక కలది దక్షిణాది కోతి. ఎర్రని పిరుదులు, పొట్టితోక కలది ఉత్తరాది కోతి. ఈ రెంటికీ పూర్వం గోదావరి సరిహద్దుగా ఉండేదని జంతుశాస్త్రజ్ఞులు చెప్పుతారు. ఇప్పుడు ఉత్తరాదిది గోదావరి దాటి దక్షిణానికి జరుగుతున్నది. అందులో మనుషుల చేయి కూడా ఉన్నది: ఒక ఊరివారు పట్టించి లారీలో ఎక్కించి మరొక ఊరి పొలిమేరలో విడిచిపెట్టుట అందరికీ తెలిసిన ఉపాయమే. ఆ ఊరివారు మళ్ళీ అదే ఉపాయం చేస్తారు. కోతులకు దేశాటన, పట్టేవారికి కూలి.

కోతికి కంచె లేదని ఒప్పుకొనుటే వివేకం. ఇనుపవల దానికి నిచ్చెన, ప్రహరీ దానికి రాజమార్గం, గోడమీద గుచ్చిన గాజుపెంకులు దానికి ఒక చిన్న అవరోధం మాత్రమే. నాలుగువైపులతోపాటు పైకప్పు కూడా వలతో మూసిన పంజరం ఒక్కటే ఆపగలదు. ఒకటి రెండు మడులకు అది సాధ్యం. అంటుమామిడికి సాధ్యం కాదు. పెరటిలోనికి వంగిన పొరుగు కొమ్మలు నరికించుట, వంటింటి వ్యర్థాలు బయట పోయకుండుట, తోటలో కుక్క తిరుగుట కొంతవరకు పనిచేస్తవి. పులిబొమ్మ పెడితే మొదటి వారం కోతులు భయపడుతవి. రెండవ వారం దాని తలమీద కూర్చుంటవి.

కాని ఎన్నుకొనవలసినది ఎల్లప్పుడూ కంచెనే కానక్కరలేదు. పంటను ఎన్నుకొనవచ్చును. పసుపు, అల్లం, కంద, మిరప, కరివేపాకు, నిమ్మగడ్డి, పుదీన వంటివాటి జోలికి కోతులు అంతగా పోవు. కందను పచ్చిగా కొరికిన కోతి నోటిదురదతో ఆ గుణపాఠం జ్ఞాపకం ఉంచుకొంటుంది. వంగ, టమాట, జామ, అరటి తప్పక కావలెనంటే అవి ఇంటికి అతి దగ్గరగా, మనుషుల చూపు పడేచోట, వలగదిలో ఉండవలెను. కోతులకు ఇష్టం కానివి దూరపు అంచున ఉండవలెను. ఇట్లు పెరటిని మార్చుకొనుట ఓటమి అని కొందరి అభిప్రాయం. ఏ నేలలో ఏది పండునో చూచుకొని వేసినవాడిని ఓడిపోయినవాడనరు. ఏ చుట్టుప్రక్కల ఏది నిలుచునో చూచుకొన్నవాడిని మాత్రం ఎందుకనవలెను?

ఈ సందర్భంలో మరొక సంగతి మరువరాదు. కొండదారులలో కారు ఆపి కోతులకు అరటిపండ్లు విసరి పుణ్యం సంపాదించుకొనేవారు, అదే సాయంత్రం ఇంటికి వచ్చి తమ జామచెట్టుమీది కోతిని రాళ్ళతో కొట్టుట కద్దు. చేతితో తిండి పెట్టి మనిషి దగ్గరకు రావచ్చునని నేర్పినది మనిషే. నేర్చుకొన్నందుకు శిక్షించుటలో న్యాయం కనిపించదు. తెలంగాణ ప్రభుత్వం 2020లో నిర్మల్ సమీపాన కోతుల పునరావాస కేంద్రమొకటి తెరచి, సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేయుట ఆరంభించినది. అటువంటివి జిల్లాకొకటి ఉన్నా ఫలితం కనిపించుటకు ఏండ్లు పట్టును. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు ఉత్తరాది కోతిని రక్షితజాతుల జాబితాలనుంచి తొలగించినారు. అంతమాత్రాన దానికి విషం పెట్టవచ్చునని కొందరు అర్థం చేసికొన్నారు. జంతుహింసా నివారణకై 1960లో చేసిన చట్టం ఇంకా అమలులోనే ఉన్నది.

నెమలి విషయంలో ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎగిరేదానికి కంచె ఏమిటి? మొలకలు లేచే పదిహేను ఇరవై రోజులు మడిమీద తేలికపాటి వలనో, ఎండుకంపనో పరచి, మొక్క జానెడైన తరువాత తీసివేస్తే సరిపోతుంది. 1963లో జాతీయపక్షి అయిన దానిమీద చేయిచేసికొనుట 1972 చట్టం ప్రకారం పెద్దనేరం.

పెరటికి అన్నివిధాలా తగినది సజీవమైన కంచె. ఈ మాట చెప్పితే పాతకాలపు చాదస్తమని తోసివేసేవారుంటారు కాబట్టి కొంత చరిత్ర అవసరం. ఉప్పుమీద పన్ను ఎగవేయకుండా ఆపుటకు ఆంగ్లేయ ప్రభుత్వం ఉత్తర హిందూస్థానంలో వందల మైళ్ళ పొడవున ఒక ముళ్ళకంచె పెంచినది. 1867 నుంచి 1870 వరకు ఆ సుంకపు శాఖను నడిపి, ఎండుకంప స్థానంలో పచ్చని కంచె నాటుటకు పూనుకొన్న అధికారి మరెవరో కాడు, తరువాత కాంగ్రెసు స్థాపనకు కారకుడైన ఏ. ఓ. హ్యూమ్. తుమ్మ, రేగు, వాక, జెముడు మొదలైనవి కలిపి నాటినారు. అది మనిషి దూరలేనంత దట్టంగా పెరిగినది. పన్నుకోసం పుట్టిన కంచె ధర్మమైనదని ఎవరూ అనరు. 1879లో అది రద్దయినది. రాయ్ మాక్సమ్ అనే ఆంగ్లేయుడు దాని ఆనవాళ్ళకై చాలాకాలం వెదకి, 2001లో ఒక పుస్తకం ప్రకటించినాడు. పెరటివారికి పనికివచ్చే సంగతులు ఇందులో రెండున్నవి. ఒకటి, ఈ నేలలో పుట్టిన ముళ్ళమొక్కలు కలిపి నాటితే ఇనుముకు తీసిపోవు. రెండు, అంత కంచెకు కూడా వేలమంది కాపలాదారులు కావలసి వచ్చినారు. తెలుగువారు కంచె ప్రక్కనే మంచె అనే మాటను కూడా ఉంచుకొన్నది ఊరకనే కాదు. కంచె ఉన్నదని యజమాని నిద్రపోతే అది ఎక్కువకాలం కంచెగా ఉండదు.

ఏ మొక్క అన్నది కూడా చూచుకొనవలసినదే. తొందరపాటు ఎన్నిక ఎంతదూరం పోతుందో తెలుగునేల అనుభవించి ఉన్నది. నాగజెముడు అమెరికాఖండంనుంచి వచ్చినది. ఎర్రరంగునిచ్చే పురుగును పెంచుటకు కుంఫిణీవారు జెముడుజాతులను తెప్పించినారు; రంగు వ్యాపారం నిలువలేదు, జెముడు నిలిచినది. కంచెగా మంచిదని నాటుకొన్నచోటల్లా చేలమీదికి పాకినది. చివరకు 1926లో సింహళంనుంచి మరొక పురుగును తెచ్చి విడిస్తే కాని దక్షిణాదిలో దాని ఉధృతి తగ్గలేదు. సర్కారుతుమ్మ కథ ఇంకా ముగియలేదు. 1877 ప్రాంతంలో కడప మండలపు కమలాపురంలో వంటచెరకుకోసం నాటిన ఆ చెట్టు, నేడు చెరువులనూ కాలువగట్లనూ బీళ్ళనూ ఆక్రమించి కూర్చున్నది. మేకలు కాయలు తిని గింజలను ఊరంతా చల్లుతవి. కంచెకు పనికివచ్చుననే మాట నిజమే; కంచె చేనును మేయుట అంటే ఏమిటో తెలియనివారికి అది నాటి చూపవచ్చును.

వాక, గోరింట, వావిలి, కాడజెముడు: ఈ నాలుగూ పెరటికి చాలును. వావిలిని పశువు ముట్టదు. గోరింట కత్తిరించినకొద్దీ చిక్కబడుతుంది. ఇంటి ఆడపిల్లలు ఆషాఢంలో కత్తెర లేకుండానే ఆ పని చేసిపెట్టుతారు. కాడజెముడు నీళ్ళు లేనిచోట బ్రతుకుతుంది. అయితే దాని పాలు కంటిలో పడితే ప్రమాదం కాబట్టి చిన్నపిల్లలు తిరిగే ఇంటికి, బడికి అది వద్దు. అన్నిటిలోను వాక మేలు. జంటముళ్ళతో ఒకదానిలో ఒకటి అల్లుకొని పెరుగుతుంది, వానకు ఎండకు ఓర్చుకొంటుంది, నరికితే మళ్ళీ చిగురిస్తుంది. దాని లోపం ఒక్కటే: ఎదుగుటకు మూడేండ్లు పట్టుతుంది. ఈ లోపం మొక్కదో, ఆగలేని మనిషిదో ఆలోచించవలసి ఉన్నది.

ఇంతవరకు చెప్పినవాటిలో పొరపాటు జరిగితే పోయేది డబ్బు, నాలుగు కాయలు. ఇక చెప్పవలసినదానిలో పోయేది ప్రాణం. పొలాలచుట్టూ, ఒక్కొక్కచోట పెరళ్ళచుట్టూ కూడా, ఇంటికరెంటును నేరుగా తీగకు కలిపి రాత్రిపూట విడుస్తున్నారు. అడవిపందికోసమని వారి మాట. రెండు రాష్ట్రాల పత్రికలలోను ఏటా ఈ తీగలు తగిలి చనిపోయినవారి వార్తలు వస్తూనే ఉన్నవి. వేకువనే నీళ్ళు పెట్టుటకు పోయిన రైతు, తప్పిపోయిన గొర్రెను వెదకబోయిన కాపరి, తాను పెట్టిన తీగను తానే మరచి తాకిన యజమాని. వార్తలలో పేర్లు మారుతవి కాని కథ మారదు. పంది చచ్చినదా లేదా అన్నది ఆ వార్తలలో ఉండదు.

దీనిని సౌరకంచెతో కలిపి మాట్లాడుట పెద్ద పొరపాటు. ఉపాధ్యాయులు తరగతిలో విడమరచి చెప్పవలసిన అంశమిది. సౌరకంచెలో ఒక యంత్రం ఉంటుంది. అది కొన్నివేల వోల్టుల దెబ్బను సెకనులో అతిస్వల్ప భాగంపాటు పంపి, మళ్ళీ సెకనుకు పైగా ఆగుతుంది. తాకిన ప్రాణికి గట్టిగా చరచినట్లవుతుంది. ఆ విరామంలో తీగను వదలి వెనుకకు పోగలుగుతుంది. ఇంటికరెంటు 230 వోల్టులే అయినా విరామం లేనిది. పట్టుకొన్న చేయి బిగుసుకొనిపోయి వదలలేదు. గుండె లయ తప్పుటకు ఆంపియరులో పదవవంతు ప్రవాహం చాలును. వోల్టుల సంఖ్య చూచి వేలకంటె రెండువందలు తక్కువ కదా అనుకొనేవాడు తన లెక్కలోనే ప్రాణం పోగొట్టుకొంటాడు. సౌరకంచె కూడా ప్రమాణం ప్రకారం చేసిన యంత్రంతో, విడిగా భూమిలో దించిన ఎర్తుతో, హెచ్చరిక పలకలతో ఉండవలెను. తీగలకు గడ్డి తగిలితే బలం నేలలోనికి పోతుంది కాబట్టి వారంవారం గడ్డి కోయవలెను. ఐదు సెంట్ల పెరటికి, అందులోను పిల్లలు తిరిగే ఇంటికి, ఇంత అవసరం లేదు. బడితోటకు అసలే వద్దు.

చట్టం సంగతి కూడా స్పష్టమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే తుపాకి కాల్చుట ఒక్కటే కాదు. ఉచ్చు పన్నుట, విషం పెట్టుట, అందుకు ప్రయత్నించుట కూడా వేటయే. మనిషి మరణిస్తే నిర్లక్ష్యంవల్ల ప్రాణం తీసిన నేరం ఉండనే ఉన్నది. అయినా చట్టం చూచి మానినవాడికంటె, రేపు ఉదయం ఆ తీగ ప్రక్కనుంచి ఎవరు నడచిపోతారో ఊహించి మానినవాడే నమ్మదగినవాడు. కంచెకు లోపలివానిని కాపాడే బాధ్యత ఎంత ఉన్నదో, బయట పోయేవానిని చంపకుండుట అనే బాధ్యత కూడా అంతే ఉన్నది. రెండవది నెరవేర్చలేనిది ఉరి అవుతుంది, కంచె కాదు.

‘పంట పోయి అప్పులపాలైన రైతు ముందు ఈ ధర్మపన్నాలు వల్లించగలరా?’ అని అడిగేవారుంటారు. అడగవలసిన ప్రశ్నయే. రెండెకరాల వేరుసెనగ ఒక్క రాత్రిలో పోయిన కుటుంబానికి కలిగే నష్టం, పెరటిలో నాలుగు వంకాయలు పోయిన ఉద్యోగి నష్టంతో పోల్చరానిది. ఆ రైతుకు నష్టపరిహారం ఆలస్యం కాకుండా అందించుట, సౌరకంచెకు సాయం చేయుట ప్రభుత్వపు పని. వేరుసెనగ చుట్టూ నాలుగు వరుసలు ముళ్ళకుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం వేయవచ్చునని హైదరాబాదులోని వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు సూచించినారు. పంది కుసుమముళ్ళకు వెనుదీయుటయే కాక, వాటి ఘాటులో పంట వాసన కూడా దానికి సరిగా అందదట. చేలచుట్టూ పాతచీరలు కట్టుట పల్లెలలో కనిపించేదే. అవి కొంతకాలం పనిచేస్తవి, తరువాత పందులకు రంగులు అలవాటవుతవి. రైతు పడే పాట్లలో ఆపద ఉన్నది, అందుకే అతని తప్పును కూడా జాలితో చూడవలసి వస్తుంది. పెరటివానికి ఆ జాలి అడిగే హక్కు లేదు. అతడు మళ్ళీ నాటుకొనగలడు. లేదా రైతుబజారుకు పోయి వంకాయలు కొనుక్కొనగలడు.

కంచె అనే మాటకు తెలంగాణలో మరొక అర్థం కూడా ఉన్నది. అక్కడ కంచ అంటే చుట్టూ వేసిన ముళ్ళు మాత్రమే కాదు. పశువుల మేతకోసం దున్నక విడిచిన బీడు, పొదలతో గడ్డితో కూడిన నేల కూడా కంచయే. కాపాడే దానికి, కాపాడబడే దానికి ఒకే పేరు. హైదరాబాదు శివారులోని కంచ గచ్చిబౌలి ఆ పేరును ఇంకా మోస్తున్నది. 2025లో అక్కడ నాలుగువందల ఎకరాలలో చెట్లు కూల్చుట మొదలుపెట్టినప్పుడు విద్యార్థులు అడ్డు నిలిచినారు. ఆ ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులను నిలుపుదల చేసినది. ఆ పొదలలో దుప్పులు, నెమళ్ళు ఉన్నవి. కంచ పోయిన దుప్పి ఎవరి పెరటి కంచె దగ్గరకు వచ్చునో చెప్పుట కష్టం కాదు. తన పెరటికి ఎంత ఎత్తు వల వేయవలెనని విచారించే గృహస్థు, తన ఊరి కంచ ఏమైనదని కూడా ఒకసారి విచారించవచ్చును. ఊరిబీడు, చెరువుగట్టు, గుట్టమీది పొద నిలిచి ఉన్నచోట పెరటికి తక్కువ కంచె సరిపోతుంది.

పై ఉపాధ్యాయుని పెరటికి తిరిగి వస్తే, ఆయన చేయదగినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. దుంపమడికి, కూరమడికి కలిపి నాలుగడుగుల ఇనుపవల, అడుగు లోతున పాతి. టమాటకు, వంగకు ఇంటిగోడ ప్రక్కన చిన్న వలగది. దూరపు అంచున పసుపు, కంద. మామిడిపండ్లలో సగం కోతులవని ముందే లెక్క వేసికొనుట మనశ్శాంతికి మంచిది. చుట్టూ వాక. తొలకరి పడి నేల బాగా నానిన తరువాత, రెండు వరుసలలో, ఒక వరుస మొక్క రెండవ వరుస సందులో పడేటట్లు, మూరకొకటి చొప్పున నాటవలెను. మొదటి రెండేండ్లు దాని బయటివైపు ఎండు రేగుకంప వేసి, వేసవిలో వారానికొకసారి నీరు పోయవలెను. మోకాలెత్తు వచ్చినప్పుడు తలలు త్రుంచితే ప్రక్కలకు గుబురు కట్టుతుంది. మూడవ ఏటనో నాలుగవ ఏటనో వానకాలంలో కాయలు పట్టుతవి. మొదటి కోతకు ఇంటివారికి పప్పులోకి సరిపడా వస్తవి. ఆ తరువాత పొరుగువారికి కూడా పంపవచ్చును.